మందు చీటీకీ మన మాటకీ మధ్య



ఈ రోజు మందుల గురించి మాట్లాడుకుందాం. ఏ జబ్బుకు ఏ మందు అన్నది కాదు, అది డాక్టరుగారి పని. ఆ మందు ఆసుపత్రి నుంచి మన ఇంటికి వచ్చి, మన నోట్లోకి వెళ్ళేలోగా దారిలో ఎక్కడ పొరపాటు జరుగుతుందో, దాన్ని మనమే ఎలా ఆపుకోవచ్చో చెబుతాను. నర్సుగా పనిచేసి, నర్సింగు విద్యార్థినులకు పాఠం చెప్పినదానిగా నాకు తెలిసిన సంగతులివి.

మన ప్రాంతాల సంగతి మీకు తెలియనిది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, కోరాపుట్ అటు వెళ్ళాయి. 1953లో బళ్ళారి మైసూరులో కలిసింది. 1954లో యానాం ఫ్రెంచివారి చేతి నుంచి బయటపడింది. హోసూరు తమిళనాటే ఉండిపోయింది. గీత ఎక్కడ పడినా మన ఇళ్ళలో తెలుగు అలాగే ఉంది. సంతలో, బస్సులో, తాలూకా కచేరీలో మనం పక్క భాష చక్కగానే మాట్లాడతాం. కూరగాయల బేరం కన్నడంలో ఆడతాం, రేషను కార్డు సంగతి తమిళంలో అడుగుతాం. కాని ఒంట్లో బాగా లేనప్పుడు ఈ పరాయి మాటలు ఒక్కొక్కటే జారిపోతాయి. నొప్పితో, భయంతో ఉన్న మనిషి అమ్మ నేర్పిన మాటలోకి వెళ్ళిపోతాడు. సరిగ్గా ఆ సమయంలోనే ఎదుటివాళ్ళు వేరే భాషలో గబగబా చెబుతారు: ఇది పొద్దున, అది రాత్రి, ఇది తినకముందు, అది తిన్నాక అని. మనం గంగిరెద్దులా తల ఊపి బయటికి వస్తాం. యానాం వాళ్ళకు ఊళ్ళో ఈ చిక్కు లేదు. పుదుచ్చేరి జిప్మరుకు వెళ్ళినప్పుడు వాళ్ళకూ ఇదే అనుభవం.

ముందు ఆసుపత్రి వార్డులో మందు ఎలా ఇస్తారో చూడండి. నర్సింగు చదివే ప్రతి పిల్లకూ మొదట్లోనే అయిదు సంగతులు కంఠస్థం చేయిస్తాం: సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కాని సీసా మీద చీటీని మూడుసార్లు చదవాలి. బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, మందు పోసేటప్పుడు ఒకసారి, సీసా మళ్ళీ లోపల పెట్టేటప్పుడు ఒకసారి. మనిషిని పోల్చుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. "మీరు లక్ష్మమ్మగారేనా?" అని అడగకూడదు. "మీ పేరేమిటమ్మా?" అని అడగాలి. ఎందుకంటే మగతలో ఉన్నవాళ్ళు, చెవుడు ఉన్నవాళ్ళు, భాష రానివాళ్ళు దేనికైనా "ఊఁ" అంటారు. పక్క మంచం మీది మనిషి సూది ఈ మనిషికి పడేది అక్కడే.

మరి ఇంటికి వచ్చాక ఈ అయిదు సంగతులూ ఎవరు చూడాలి? బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో మందు మింగేది ఎన్ని రోజులు? మిగతా ఏళ్ళన్నీ ఇంట్లోనే కదా. అంటే ఇంట్లో నర్సు మీరే. కోడలు కావచ్చు, కూతురు కావచ్చు, కొన్ని ఇళ్ళలో మనవడు కావచ్చు.

ఇప్పుడు భాష దగ్గర జరిగే తికమక చూద్దాం. నాందేడ్, సిరోంచ వైపు శ్రోతలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మరాఠీలో "ఉద్యా" అంటే రేపు. మన చెవికి అది "ఉదయం" లాగా వినిపిస్తుంది. "దీడ్ గోళీ" అంటే ఒకటిన్నర మాత్ర. ఆ "దీడ్" తెలియని మనిషి ఒకటి వేసుకుంటాడు, లేకపోతే రెండు. ఇక "ఆఠవడా" అంటే వారం. కాస్త హిందీ వచ్చినవాళ్ళకు అందులో "ఆఠ్" వినిపించి, ఎనిమిది అనుకునే ప్రమాదం ఉంది. హోసూరు, కృష్ణగిరి వైపు వస్తే తమిళంలో "కరండి" అన్న మాట ఉంది. అది చెంచా కావచ్చు, గరిటె కావచ్చు. "తేక్కరండి" అని విడిగా చెబితేనే టీ చెంచా. పిల్లవాడి మందు దగ్గర ఈ తేడా చిన్నది కాదు.

చీటీ మీద రాసే గుర్తులకు మాత్రం భాష లేదు, అదొక మేలు. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఈ మూడు అంకెలూ చదవడం వస్తే బరంపురంలో రాసినా, బళ్ళారిలో రాసినా ఒకటే. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఆ బీడీ తాగే బీడీ కాదని మా వార్డులో ఒక పెద్దాయనకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. ఆయన పొగ మానమన్నారని సంతోషంగా మానేశారు కూడా. మాత్ర మాత్రం ఒక పూటే వేసుకుంటూ వచ్చారు.

అసలు మందు ఇదీ అని నేను ఈ రోజు చెప్పదలచింది ఒకటే ఉంది. దానికి డబ్బు అక్కరలేదు. నర్సు చెప్పినదాన్ని మీరు మీ మాటల్లో, తెలుగులోనో వచ్చీరాని పక్క భాషలోనో, అక్కడే, ఆ బల్ల దగ్గరే తిరిగి చెప్పండి. "సిస్టరమ్మా, ఇంట్లో ఇలా చెబుతాను, తప్పుంటే దిద్దండి" అనండి. మంచి నర్సు "అర్థమైందా?" అని అడగదు. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. కాదంటే చిన్నతనం అనుకుంటారు. నా విద్యార్థినులకు నేను నేర్పిన ప్రశ్న వేరు. ఇలా సాగుతుంది:

"అవ్వా, ఇంటికి పోయినాక ఈ మాత్రల సంగతి నీ కోడలికి ఎట్ల చెప్తావు?"

"పొద్దున్నే ఈ చిన్నది వేసుకోమన్నారు అంటా."

"తిన్నాక వేసుకుంటావా, తినకముందా?"

"తిన్నాకనే కదమ్మా. ఉత్త కడుపున మాత్ర వేస్తే మండదా?"

అది థైరాయిడ్ మాత్ర. పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుంచి గంటసేపు ఆగి తర్వాతే కాఫీ, టిఫిను తీసుకోవాలి. తిన్నాక వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. అవ్వది తప్పేమీ లేదు. నొప్పి మాత్రల దగ్గర ఆమె నేర్చుకున్న జ్ఞానం అది, అక్కడ అది సరైనదే. ఆమె నోరు విప్పి చెప్పబట్టే తేడా బయటపడింది. తల ఊపి వెళ్ళిపోయి ఉంటే, మూడు నెలల తర్వాత రక్త పరీక్ష బాగా లేదని డాక్టరుగారు మోతాదు పెంచేవారు.

నర్సులు తీరిక లేకుండా ఉంటారు, విసుక్కుంటారు అని మీరు అనవచ్చు. నిజమే, ఒక్క నర్సు చూడవలసిన మంచాలు ఎన్నో. అయినా ఈ తిరిగి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అడగడం మర్యాద తప్పడం కాదు. ఇంకొక మాట. పదేళ్ళ పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చునని వాణ్ణి దుబాసీగా నిలబెట్టకండి. తాతగారికి మూత్రం ఇబ్బంది అని వాడు చెప్పలేడు, తాతగారు వాడి ఎదుట చెప్పరు. పెద్దవాళ్ళు ఎవరైనా తోడు వెళ్ళాలి. లేదంటే ఆయాల్లో, తోటి రోగుల బంధువుల్లో తెలుగు వచ్చినవాళ్ళు తప్పక ఉంటారు. వాళ్ళు చెప్పిన తర్వాత కూడా తిరిగి చెప్పి సరిచూసుకోండి.

ఇక కొన్ని మందుల సంగతి. అన్నీ చెప్పను. ఎక్కడ తప్పు పోతే ప్రాణం మీదికి వస్తుందో అవే చెబుతాను.

మొదటిది పిల్లల జ్వరం మందు, పారాసిటమాల్. ఇది వేర్వేరు బలాల్లో దొరుకుతుంది. ఒక సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకొకదానిలో అదే 5 మిల్లీలీటర్లకు 250. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. బిడ్డ బరువు కిలోకు సుమారు 15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదు వేస్తారు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు అనుకోండి. 125 సిరప్పయితే 6 మిల్లీలీటర్లు, 250 సిరప్పయితే 3, చుక్కల మందయితే ఒకటిన్నర. ఇప్పుడు చూడండి, పోయినసారి సిరప్పు 6 మిల్లీలీటర్లు పోశాం కదా అని ఈసారి చుక్కల మందు 6 పోస్తే 600 మిల్లీగ్రాములు లోపలికి వెళ్ళాయి. నాలుగింతలు! అధిక మోతాదు పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకని చెంచాల లెక్క వదిలేయండి. సీసాతో వచ్చిన గీతల మూతనో, సూది లేని సిరంజినో వాడండి. రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి, రోజుకు నాలుగు మోతాదులు దాటకూడదు. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే మందు పోసి ఎదురుచూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

సందర్భం వచ్చింది కనుక దగ్గు మందు మాట కూడా చెబుతాను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గు సిరప్పు తాగి పసిపిల్లలు చనిపోయారు. డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం అందులో ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ళ లోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు ఇవ్వవద్దనీ, అయిదేళ్ళ లోపు వారికి సాధారణంగా అవసరం లేదనీ రాష్ట్రాలకు తెలియజేసింది. షాపువాడు ఇచ్చాడని పసిబిడ్డకు దగ్గు మందు పోయకండి.

రెండోది ఇన్సులిన్. ఇందులో అంకెల చిక్కు ఉంది, దయచేసి నిదానంగా వినండి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. మిల్లీలీటరుకు 100 యూనిట్లది కూడా ఉంది. దానికి నారింజ రంగు మూత సిరంజి. సీసా ఒక రకం, సిరంజి ఇంకో రకం అయితే గొప్ప ప్రమాదం. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే, లోపలికి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. తిరగేసి, 40 ఇన్సులిన్‌ను 100 సిరంజిలో 20 గీతకు లాగితే వెళ్ళేది 8 మాత్రమే. ఊరు మారి, ఇంకో రాష్ట్రంలో కొత్త షాపులో కొన్నప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ పోల్చుకోండి. చదువు రాకపోయినా 40, 100 అన్న అంకెలు గుర్తుపట్టగలరు కదా.

ఇన్సులిన్ ఎక్కువైతే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబడటం వస్తాయి. మెలకువతో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, గొంతుకు అడ్డం పడుతుంది. 108కి ఫోను చేయండి. విప్పని సీసాలను ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్ళ కుండ పక్కన చల్లని చోట, ఎండ తగలకుండా పెట్టుకోవచ్చు. పాలలాగా తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను కుదపకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి.

మూడోది మీలో కొందరికే సంబంధించినది. కాని వాళ్ళకు ఇది ప్రాణాల సంగతి. కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఇస్తారు. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. ఇందాక చెప్పిన "ఆఠవడా" గుర్తు చేసుకోండి. రోజూ వేసుకుంటే ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగ దెబ్బతింటుంది. నోట్లో పుళ్ళు, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తే ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. ఒక్కోసారి రెండూ చిన్న పసుపు మాత్రలే, అదొక గొడవ. కాబట్టి వారం పేరు నిర్ణయించుకోండి, సోమవారమో గురువారమో. ఆ పేరు చీటీ మీద తెలుగులో పెద్దగా రాయించుకోండి. మాత్రలను రోజువారీ మందుల డబ్బాలో పెట్టకండి, విడిగా పెట్టండి.

పేర్ల చిక్కు ఒకటి ఉంది. ఇది సరిహద్దు వాళ్ళకు అందరికంటే ఎక్కువ. మందుకు అసలు పేరు ఒకటి, కంపెనీ పెట్టిన పేరు ఇంకొకటి. పారాసిటమాల్ ఒక్కటే క్రోసిన్, డోలో, కాల్పాల్ అని అమ్ముడుపోతుంది. మీరు బళ్ళారిలో ఒక పేరుతో బీపీ మాత్ర తెచ్చుకుంటారు. కూతురి ఇంటికి గుంతకల్లు వెళితే అక్కడి డాక్టరుగారు అదే మందును ఇంకో పేరుతో రాస్తారు. రెండు షీట్లూ వేరుగా ఉన్నాయి కదా అని రెండూ వేసుకుంటారు. నాలుగో రోజు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతారు. షీటు వెనక అసలు పేరు అచ్చువేసి ఉంటుంది. చదవగలిగినవాళ్ళ చేత ఆ పేరే చదివించి, రెండూ ఒకటేనా అని చూసుకోండి. మందుల అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని డాక్టర్లకు 2016లో నిబంధన వచ్చింది, అలా రాయమని మీరు అడగవచ్చు. 2023 ఆగస్టు నుంచి బాగా అమ్ముడుపోయే 300 రకాల బ్రాండ్ల మీద గళ్ళ గుర్తు, అంటే క్యూఆర్ కోడ్, వేస్తున్నారు. మనవడి ఫోనుతో చూస్తే అసలు పేరు, గడువు తేదీ కనబడతాయి. అన్నిటికంటే సులువు ఏమిటంటే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇంట్లో ఉన్న మందులన్నీ, నాటుమందులూ పొడులతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకువెళ్ళండి. బల్ల మీద కుమ్మరించండి. సిగ్గేమీ లేదు.

మిగతావి గబగబా చెబుతాను. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమన్న మాత్రను మింగకండి, కూర్చుని నాలుక కింద పెట్టుకోండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. గర్భిణీలకు ఇచ్చే ఇనుము మాత్రను టీతో, పాలతో వేసుకోవద్దు, నిమ్మరసంతో మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. బీపీ మందు, తల నొప్పి లేదు కదా అని మానకండి. బీపీ చాలామందిలో ఏ నొప్పీ చెప్పకుండానే ఉంటుంది. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. యాంటీబయాటిక్ అయితే చెప్పినన్ని రోజులు వాడండి, మిగిలినవి పక్కింటివాళ్ళకు ఇవ్వకండి. క్షయ మందు వాడుతున్నవారు పనికోసం రాష్ట్రం దాటి వెళుతుంటే, వెళ్ళే ముందు ఆసుపత్రిలో చెప్పి మీ నిక్షయ్ నంబరు రాయించుకోండి. ఆ నంబరుతో వెళ్ళిన ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలో మందు కొనసాగుతుంది.

చదువు రాని పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక పని చేయండి. పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రల కవరు మీద చంద్రుడి బొమ్మ గీయండి. తినకముందు వేసుకోవలసినదానికి ఖాళీ కంచం, తిన్నాక వేసుకోవలసినదానికి అన్నం ఉన్న కంచం. ఈ బొమ్మలు నర్సు ఎదుటే గీయించుకుంటే మరీ మంచిది. ఆమెది మలయాళమైనా, ఒరియా అయినా, బొమ్మ తప్పయితే ఆమెకు వెంటనే కనబడుతుంది.

మందు వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే ముందు ఆసుపత్రికి వెళ్ళండి. తర్వాత ఆ సంగతి ప్రభుత్వానికి మీరే తెలియజేయవచ్చు. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఇందుకోసం ఒక ఉచిత ఫోను నడుపుతోంది. నంబరు రాసుకోండి: 1800-180-3024. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. పెన్ను అందనివారి కోసం మళ్ళీ చెబుతున్నాను: 1800-180-3024. ఫోను చేసేటప్పుడు మాత్రల షీటు చేతిలో ఉంచుకోండి, దాని మీది బ్యాచి నంబరు అడుగుతారు.